పదిహేడో తారీఖు రైలు

ఆరేళ్ళ క్రితం మా ఆవిడ హైదరాబాద్ వెళ్ళినప్పుడు, ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద లావుపాటి పాత పుస్తకం ఒకటి కొనుక్కొచ్చింది. పై అట్ట ఊడిపోయింది. లోపలి పేజీలో మాత్రం 'క్రాస్ స్టిచ్' అని ఉంది. అప్పట్లో తను దిండు గలీబుల మీద నెమళ్ళు కుడుతుండేది. ఎనిమిది వందల పైచిలుకు పేజీల్లో ఎన్ని నెమళ్ళుంటాయోనని ఆశపడి యాభై రూపాయలిచ్చింది. ఇంటికొచ్చి విప్పితే ఒక్క డిజైనూ లేదు, అంతా ఇంగ్లిషు. "పోయాయి యాభై రూపాయలు" అంది. పుస్తకం అటకెక్కింది. నేనైతే అలాగే అనుకున్నాను.

మొన్న ఉగాదికి బూజులు దులుపుతుంటే అది నా నెత్తిన పడింది. నిచ్చెన మీద నిలబడే రెండు పేజీలు తిరగేశాను. అల్లికల పుస్తకం కాదు, ప్రేమ నవల! డయానా గబల్డన్ అనే అమెరికా రచయిత్రి 1991లో 'ఔట్‌లాండర్' అని రాస్తే, దాన్నే బ్రిటన్‌లో ఈ కుట్టుపని పేరుతో అచ్చేశారట. ఎందుకు వేశారో గానీ, మా ఇంటి యాభై రూపాయలు మాత్రం ఆ పేరు వల్లే పోయాయి.

ప్రేమ నవలలంటే నాకు చులకన. ఇరవయ్యారేళ్ళు బ్యాంకులో లోన్ ఫైళ్ళు చూసినవాణ్ణి. మా ఆవిడ వారపత్రిక సీరియల్ చదువుకుంటుంటే "ఏమైంది, పెళ్ళయిందా వాళ్ళకి?" అని ఏడిపించినవాణ్ణి. అలాంటివాణ్ణి ఈ వయసులో ప్రేమ నవల పట్టుకుని కనిపిస్తే పరువేం కాను? అందుకే పాత క్యాలెండర్ కాగితంతో చక్కగా అట్ట వేశాను. పైకి కనిపించేది ఫిబ్రవరి నెల, రాహుకాలం, వర్జ్యం.

"ఏం చదువుతున్నారండీ?" అంది మా ఆవిడ.

"స్కాట్లండ్ చరిత్ర."

"ఓహో" అంది. ఆ ఓహోలో ఏదో ఉందని అప్పుడు తోచలేదు.

కథేమిటంటే, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తల్లో క్లెయిర్ అనే నర్సు భర్తతో కలిసి స్కాట్లండ్ వెళ్తుంది. అక్కడ ఓ గుట్ట మీద పురాతనమైన నిలువురాళ్ళు. తేనెపట్టులో ఈగల్లా గుయ్‌మని ఒకటే మోత. వాటి మధ్య ఏం జరిగిందో తెలిసేలోపే 1743లో పడుతుంది. అక్కడ జేమీ అనే కుర్రాడు. గూడు జారిన అతని భుజం ఎముకని క్లెయిర్ సర్ది పెడుతుంది. తర్వాత పరిస్థితులు కలిసొచ్చి అతన్నే పెళ్ళాడాల్సి వస్తుంది.

ఇక్కడ నేను రెండు రోజులు ఆగిపోయాను. భర్త ఉండగా ఇంకో పెళ్ళేమిటి? అలాగని భర్త ఉన్నాడా అంటే, 1743 నాటికి ఆయన పుట్టనే లేదు. పుట్టనివాడికి విడాకులివ్వడం ఎలా? నా సర్వీసులో ఎన్నో చిక్కు ఫైళ్ళు చూశాను గానీ, హామీదారు పుట్టడానికే నూటయాభై ఏళ్ళ పైన టైముందన్న ఫైలు మాత్రం చూడలేదు. ఇది చాలదన్నట్టు, ఆ పుట్టబోయే భర్త పోలికలతో ఆయన పూర్వీకుడొకడు అక్కడ విలన్‌గా తిరుగుతుంటాడు!

నేనే 1743లో మా రాజమండ్రి గోదావరి గట్టున పడి ఉంటే ఏమయ్యేవాణ్ణా అని కూడా ఆలోచించాను. రైలు వంతెన లేదు. కాటన్ దొర ఆనకట్టకి ఇంకా నూరేళ్ళు పైన ఉంది. పొద్దున్నే ఫిల్టర్ కాఫీ దొరకదు, బీపీ మాత్ర అసలే దొరకదు. క్లెయిర్‌కి నర్సు పని తెలుసు కాబట్టి నెట్టుకొచ్చింది. నాకొచ్చిన విద్యల్లా వడ్డీ కట్టడం ఒక్కటే. ఆ రోజుల్లో అదీ కోమట్లు నాకంటే బాగా కట్టేవారు.

ఈ గొడవలో ఉండగానే మా బావమరిది కూతురి నిశ్చితార్థం వచ్చింది. ఏప్రిల్ 18, పొద్దున పదకొండింటికి, సికింద్రాబాద్‌లో. పదిహేడో తారీఖు రైలుకి టికెట్లు తీశాను. రాజమండ్రిలో రాత్రి 12 గంటల 20 నిమిషాలకి ఎక్కితే తెల్లారి దిగుతాం. రెండూ ఆర్ఏసీలో ఉన్నాయి.

పదహారు సాయంత్రం నేను మళ్ళీ ఆ నిలువురాళ్ళ దగ్గరే ఉన్నాను. క్లెయిర్ వెనక్కి వెళ్ళిపోతుందా, జేమీ దగ్గరే ఉండిపోతుందా అన్న టెన్షన్. సరిగ్గా అప్పుడే ఫోన్ గుయ్‌మంది. చార్ట్ తయారైంది, బీ2లో 33, 34 బెర్తులు ఖాయమయ్యాయి అని మెసేజ్. అబ్బో, మనవాళ్ళు ఇప్పుడు చార్టు ఒక రోజు ముందే తయారు చేసేస్తున్నారు, దేశం బాగుపడుతోంది అనుకుని ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఆ రాత్రి పదకొండున్నరకి ఇంకో పని కూడా చేశాను. క్లెయిర్‌కి భవిష్యత్తు తెలుసు కదా, కలోడెన్ యుద్ధంలో స్కాట్లండ్ కొండవాళ్ళు చిత్తుగా ఓడిపోతారని జేమీ వర్గాన్ని తలచుకుని కుమిలిపోతుంటుంది. ఆ యుద్ధం ఎప్పుడు జరిగిందా అని నెట్లో చూశాను. 1746 ఏప్రిల్ 16. గంట కూడా పట్టలేదట. అంటే ఇవాళే! నాకు ఒళ్ళు జలదరించింది. పన్నెండున్నర దాకా మంచం మీద కూర్చుని, ఎప్పుడో పోయిన ఆ పరాయి దేశపువాళ్ళ కోసం బాధపడ్డాను. దూరంగా స్టేషన్ వైపు నుంచి రైలు కూత కూడా వినిపించింది. పాపం ఎవరెక్కడికి పోతున్నారో అనుకుని దీపం ఆర్పాను.

మర్నాడు రాత్రి పదకొండుంపావుకే స్టేషన్లో ఉన్నాం. మా ఆవిడ పట్టుచీర పెట్టె, సున్నుండల డబ్బా, పూతరేకులు, నా సంచిలో ఫిబ్రవరి నెల. రైలు వచ్చింది. బీ2 ఎక్కితే 33 మీద ఓ పెద్దాయన దుప్పటి ముసుగేసి గురక పెడుతున్నారు. 34 మీద వాళ్ళావిడ.

"ఏవండీ, ఇది మా బెర్తు" అని లేపాను.

"నాది విశాఖపట్నం నుంచి బాబూ" అన్నారాయన, అదేదో పూర్వీకుల ఆస్తి అన్నట్టు.

మాటా మాటా పెరిగింది. టీటీఈ గారొచ్చి నా ఫోన్ చూశారు. తన చేతిలో మిషను చూశారు. మళ్ళీ నన్ను చూశారు. ఈలోగా బండి కదిలింది.

"సార్, పదిహేడో తారీఖు 12.20 అంటే పదహారు రాత్రి. మీరు నిన్న ఎక్కి, ఈపాటికి అక్కడ రెండు పూటలు భోంచేసి ఉండాలి. ఇప్పుడు పద్దెనిమిది."

మూడు బెర్తుల వాళ్ళు ముసుగులు తీసి నవ్వారు. ఆయన మంచివాడు, పెనాల్టీతో జనరల్ టికెట్లు రాసి, "తాడేపల్లిగూడెంలో దిగి జనరల్లోకి మారండి, అందాకా తలుపు దగ్గర కూర్చోండి" అన్నారు.

పెట్టెల మీద కూర్చున్నాం. బండి గోదావరి మీదికొచ్చింది. పక్కనే 1997లో రైళ్ళు ఆగిపోయిన హేవలాక్ వంతెన, చీకట్లో వరసగా దాని స్తంభాలు. అచ్చం ఆ నిలువురాళ్ళే. ఒక్కసారి ముట్టుకోనిస్తే చాలు, రెండు వందల ఏళ్ళు అక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలు వెనక్కి పంపించు తల్లీ అని దండం పెట్టుకున్నాను. మా ఆవిడ రూపాయి బిళ్ళ నీళ్ళలోకి విసిరింది. ఏం కోరుకుందో అడిగే ధైర్యం లేదు.

కొవ్వూరు దాటాక నోరు విప్పింది.

"ఆ నర్సమ్మ రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళింది కదా. మీరు ఒక్క రోజు వెనక్కి వెళ్ళలేకపోయారా?"

నా గుండె ఆగింది. "నర్సెవరు?"

సంచిలోంచి పుస్తకం లాగింది. ఫిబ్రవరి నెలని ఒక్క చించు చించి, ఆఖరి పేజీ తెరిచింది. అక్కడో ఎర్ర స్టిక్కర్ బొట్టు అంటించి ఉంది. ఉగాది నాడే చూశాను దాన్ని. ఎవరో పాత యజమానురాలిదనుకున్నాను.

"ఇంకా ఎన్ని పేజీలున్నాయి మీకు?"

"అరవై" అన్నాను. "వద్దే, చెప్పకు. నీకు దండం పెడతాను."

"మూడుసార్లు చదివాను" అని సర్దుకు కూర్చుని, జేమీ ఏమయ్యాడో దగ్గర మొదలుపెట్టింది. తాడేపల్లిగూడెం వచ్చేలోపు అరవై పేజీలూ పూర్తి చేసింది.