శనిదేవుడి తరఫున వకాల్తా

పాఠక మహాశయుల కోర్టు వారికి,

నా క్లయింటు శనైశ్చరుడు. మా బావమరిది తాగి బండి నడిపి పట్టుబడింది ఈయన వల్లేనని అభియోగం. పేరుకు తగ్గట్టే మెల్లగా నడిచే మనిషి. సూర్యుడి చుట్టూ ఒక్క ప్రదక్షిణ చెయ్యడానికి సుమారు 29న్నర ఏళ్లు తీసుకుంటాడు. అక్కడి వెలుగు మనదాకా రావడానికే గంట దాటుతుంది. అలాంటివాడు శుక్రవారం రాత్రి పదకొండింటికి అమీర్‌పేటలో మా బావమరిది బండెక్కే టైముకి ఎలా హాజరయ్యాడన్నది ప్రాసిక్యూషనే చెప్పాలి.

మావాడు బండి నంబరు కూడితే తొమ్మిది రావాలని వేలంలో డబ్బు పోసి మరీ కొన్నాడు. ముహూర్తం చూసుకుని చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. హెల్మెట్ మాత్రం ట్యాంకు మీద పెట్టాడు, జుట్టు పాడవుతుందని. ఆ రాత్రి రెండో పెగ్గుకి "లార్జే పొయ్యరా" అన్నది కూడా వాడే. పక్కనే ఉన్నాను, చెవులారా విన్నాను. (నేను సోడా తాగాను. ఇది రికార్డు కోసం.)

చౌరస్తాలో పోలీసులు మిషన్‌లో ఊదమన్నారు. 86 వచ్చింది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, పదివేలు జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్‌లో రాశి, నక్షత్రం అడిగే గడి లేకపోవడం పెద్ద లోపమని మా అత్తగారి అభిప్రాయం.

"వాడి తప్పేముంది బాబూ? మీనరాశి. జన్మశని," అన్నారావిడ, నాకు కాఫీ ఇస్తూ.

లెక్క నిజమే. 2025 మార్చి 29న శని మీనంలోకి వచ్చాడు. కుంభం, మీనం, మేషాలకు ఏలినాటి శని, ధనుస్సుకు నాలుగో ఇంట శని, అంటే అర్ధాష్టమం, సింహానికి ఎనిమిదో ఇంట, అంటే అష్టమం. అంటే 12 రాశుల్లో ఐదింటికి ముందస్తు బెయిలు వచ్చేసినట్టే. కాకపోతే మీనానికి ఏలినాటి శని, ముందు రాశి కుంభంలో శని కుదురుకున్న 2023 జనవరిలోనే మొదలైంది. 2024లో మావాడికి ప్రమోషన్ వచ్చింది. అప్పుడు స్వీట్లు పంచుతూ "రాత్రీపగలూ కష్టపడ్డాను బావా" అన్నాడే తప్ప నా క్లయింటు పేరెత్తలేదు. కనీసం ఒక్క లడ్డూ కూడా ఆయన పేరిట పక్కన పెట్టలేదు.

కర్మ అంటే చేసిన పని అని చిన్నప్పుడు మాస్టారు చెప్పారు. మా ఇంట్లో దాన్ని 'తనంతట తానే జరిగిపోయిన పని'గా ఎప్పుడు మార్చారో తెలీదు.

శనిదోషం పోవాలని మొన్న కోనసీమ వెళ్లి మందపల్లిలో తైలాభిషేకం చేయించాం. రానూపోనూ కారు నడిపింది నేనే, మావాడి లైసెన్సు కోర్టులో ఉంది కాబట్టి. తిరిగొస్తూ దారిలో ఈ వ్యాసం చదివి వినిపించాను. వాడు కిటికీ అద్దం దించి, చాలాసేపు ఆలోచించి, జాలిగా నా భుజం మీద చెయ్యేశాడు.

"నీది మేషం కదూ బావా? నీకూ మొదలైనట్టుంది."