ఆ కోడి వేపుడుకు మనం బాకీ ఉన్నాం

అట్లాంటాలో మన తెలుగువాళ్లు బిర్యానీ కోసం ఎంత దూరమైనా పోతారు. కమ్మింగ్ నుంచి జాన్స్ క్రీక్‌కి, అక్కడ నచ్చకపోతే ఆల్ఫరెట్టాకి. శనివారం రాత్రి ముప్పావుగంట లైనులో నిలబడి, లోపలికెళ్లి "పోయిన వారమే బాగుంది" అనుకుంటూ తింటారు. తప్పేం లేదు, నేనూ అందులో ఒకణ్ణే. కానీ అదే ఊళ్లో పదిహేనేళ్లుగా ఇల్లు కొనుక్కుని ఉంటూ, ఒక్కసారి కూడా సోల్ ఫుడ్ (అమెరికా నల్లజాతివాళ్ల సంప్రదాయ వంట) హోటల్ గడప తొక్కనివాళ్లు నాకు తెలిసి డజను మందికి పైగా ఉన్నారు. ఎందుకని అడిగితే గొంతు తగ్గించి ఒకటే జవాబు: "అది నల్లోళ్ల ఏరియా కదండీ, సేఫ్ కాదంట."

ఆ "అంట" దగ్గరే నా పేచీ.

వారం మధ్యలో మధ్యాహ్నం పూట వెళ్లి చూడండి. ఒక మాంసం, పక్కన మూడు కూరలు. మన ప్లేట్ మీల్స్ లాంటిదే. మొన్న మాకు వడ్డించిన పెద్దావిడ నన్నూ నా మిత్రుణ్ణీ ఇద్దర్నీ "బేబీ" అనే పిలిచింది. యాభై దాటినవాళ్లం! కాలర్డ్ గ్రీన్స్ అనే ఆకుకూరను పొగబెట్టిన మాంసం ముక్క వేసి గంటల తరబడి ఉడికిస్తారు. బల్ల మీద పచ్చిమిరపకాయలు ఊరేసిన వెనిగర్ సీసా ఉంటుంది. నాలుగు చుక్కలు చల్లుకుంటే ఆ పులుపూ ఆ కారం కలిసి మన పుల్లగూరకు దగ్గరి చుట్టంలా ఉంటుంది. గిన్నె అడుగున మిగిలే రసాన్ని పాట్ లిక్కర్ అంటారు. మొక్కజొన్న పిండితో చేసిన కార్న్ బ్రెడ్ తుంచి అందులో ముంచుకోవాలి. పక్కన బొబ్బర్లు. ఆ బొబ్బర్లు పుట్టింది ఆఫ్రికాలో. వేల ఏళ్ల కిందట అవి అక్కడి నుంచే మన పొలాల్లోకి వచ్చాయి, తర్వాత బానిసల ఓడలతో పాటు అమెరికాకూ చేరాయి.

రుచి సంగతి అక్కడికి ఆపుతాను. అసలు చెప్పాలనుకున్నది పాస్కల్స్ గురించి. 1947లో రాబర్ట్, జేమ్స్ అనే నల్లజాతి అన్నదమ్ములు అట్లాంటాలో ముప్పై సీట్ల చిన్న హోటల్ పెట్టారు. మొదట్లో అక్కడ పొయ్యి కూడా లేదు. రాబర్ట్ ఇంట్లో వండిన వంటలు టాక్సీలో హోటల్‌కు వచ్చేవి, ఎందుకంటే అన్నదమ్ములకు కారు లేదు. కోడి వేపుడు శాండ్‌విచ్ 52 సెంట్లు. ఆ తర్వాత మార్టిన్ లూథర్ కింగ్, ఆయన సహచరులు కూర్చుని నల్లజాతివాళ్ల పౌరహక్కుల ఉద్యమం గురించి మాట్లాడుకున్న చోటు అదే. ధర్నాల్లో అరెస్టయి విడుదలైన కాలేజీ పిల్లలకు ఉచితంగా అన్నం పెట్టిన చోటూ అదే. వాళ్ల కోసం ఎదురుచూసే తల్లిదండ్రుల కోసం రాత్రి పొద్దుపోయినా తలుపులు తెరిచే ఉంచేవారు.

అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి కథ ఇంకా గొప్పది. బస్సుల్లో నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టడాన్ని నిరసిస్తూ అక్కడ 381 రోజులు సాగిన బస్సు బహిష్కరణకు డబ్బు కావాలి. ఆమె, ఆమె తోటి ఆడవాళ్లు కోడి శాండ్‌విచ్‌లు, కేకులు, పైలు అమ్మి వచ్చిన డబ్బు సభలో తెచ్చి ఇచ్చేవారు. డబ్బు ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఎవరి ఉద్యోగమూ పోకూడదని, ఆ గుంపుకు "ఎక్కడి నుంచీ కాదు" అని అర్థం వచ్చేలా క్లబ్ ఫ్రమ్ నోవేర్ అని పేరు పెట్టుకున్నారు.

అదే అట్లాంటాలో కోడి వేపుడుకు పేరున్న ఇంకో హోటల్ పిక్‌రిక్. యజమాని లెస్టర్ మాడెక్స్, తెల్లవాడు. హోటళ్లలో జాతి చూసి ఎవర్నీ ఆపకూడదనే పౌరహక్కుల చట్టం మీద 1964 జులై 2న సంతకం పడింది. మర్నాడే ముగ్గురు నల్లజాతి యువకులు తినడానికి వస్తే పిస్టల్ పట్టుకుని తరిమాడు. అతని మనుషులు గొడ్డలి కర్రలతో వెనకే ఉన్నారు. కోర్టు వదలకపోయేసరికి, వాళ్లకు వడ్డించడం కన్నా హోటల్ మూసుకోవడమే మేలనుకున్నాడు. ఆ మనిషే 1967లో జార్జియా గవర్నర్ అయ్యాడు.

ఇక మన సంగతి. అమెరికాకు వలస వచ్చేందుకు 1946 చట్టం ప్రకారం భారతీయులకు ఏడాదికి దక్కిన కోటా ఎంతో తెలుసా? వంద మంది. దేశాన్ని బట్టి, జాతిని బట్టి మనుషులను ఏరే ఆ పద్ధతిని 1965 అక్టోబర్‌లో అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో ఎత్తేశారు. హోటల్లో జాతి చూడకూడదని 1964లో ఒప్పుకున్న దేశం, దేశం గుమ్మం దగ్గర మాత్రం చూస్తానంటే చెల్లదు కదా. మన గ్రీన్‌కార్డు లైను (అది ఎంత పొడుగైనా) అక్కడ మొదలైంది. ఆ లైను వేసినవాళ్ల పేటను మనం "సేఫ్ కాదంట" అంటున్నాం.

ఆ తిండి ఆరోగ్యానికి మంచిది కాదనేవాళ్లున్నారు. నూనె, ఉప్పు, చక్కెర ఎక్కువే, నిజం. ఆకుకూరలో కూడా మాంసం పడుతుంది కాబట్టి శాకాహారులు ముందే అడగాలి, అదీ నిజం. కానీ కోడి వేపుడు వాళ్లకు ఆదివారం తిండి, మనకు పండగ గారెల్లాగా. రోజూ తిన్నది ఆకుకూర, బొబ్బర్లు, మొక్కజొన్న. అయినా నెయ్యి కారే బిర్యానీ ముందు కూర్చుని బీపీ గురించి క్లాసు పీకడం మనకే చెల్లింది.

నిజానికి ఈ భయం ఆరోగ్యం గురించి కాదు, నేరాల గురించీ కాదు. అది మనం ఊరి నుంచి సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చుకున్నది. కింగ్ 1959లో మన దేశం వచ్చినప్పుడు కేరళలో ఒక హెడ్మాస్టర్ ఆయన్ను "అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడు" అని పిల్లలకు పరిచయం చేశాడు. ముందు ఉలిక్కిపడ్డాననీ, తర్వాత అది నిజమేనని ఒప్పుకున్నాననీ కింగ్ 1965లో అట్లాంటాలోని సొంత చర్చిలో చెప్పారు. చట్టం లెక్కన మనమే ముందు. హోటళ్లలోకి కులం పేరుతో ఎవర్నీ రానివ్వకుండా ఆపకూడదని మన రాజ్యాంగం 15వ అధికరణం 1950లోనే చెప్పింది, అమెరికా కంటే పద్నాలుగేళ్ల ముందు. అయినా మన టీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎన్నేళ్లు నడిచిందో నేను చెప్పక్కర్లేదు.

మొన్న నాతో వచ్చిన మిత్రుడు "మా ఊళ్లో అలాంటివి లేవండీ" అన్నాడు. "మరి మీ ఊరి దళితులు టీ ఎక్కడ తాగేవాళ్లు?" అని అడిగాను. స్వీట్ టీ గ్లాసు చేతిలో పట్టుకుని కొంచెంసేపు ఆలోచించాడు.

"హోటల్ బయట. తాగి, గ్లాసు వాళ్లే కడిగి, చూరులో పెట్టిపోయేవాళ్లు."