ఒంటరిగా వెళ్లండి, దూరం మాత్రం వెళ్లకండి

"ఎడారికి ఒక్కరే వెళ్లకండి" అని మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు ఏటా హెచ్చరిస్తూనే ఉంటారు. చెడ్డ సలహా ఏం కాదు. కానీ శాన్‌డియాగో నుంచి రెండు గంటలు కారు నడుపుకుంటూ, నలభై మంది, ఒక బ్లూటూత్ స్పీకరు, నాలుగు బిర్యానీ ట్రేలతో ఆన్జా-బొరేగో ఎడారి పార్కుకి వెళ్లి, "రాళ్లు తప్ప ఏముందక్కడ" అంటూ తిరిగొచ్చేది కూడా మనవాళ్లే. అక్కడ చాలా ఉంది. అది కనపడాలంటే మనిషి ఒక్కడే ఉండాలి, నోరు మూసుకోవాలి, కదలకుండా కూచోవాలి. ఒంటరి నడకలో ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు ఒంటరితనం కాదు, దూరం. బాట వదిలి నడిచేవాళ్లు రానూపోనూ 6 కిలోమీటర్లు దాటకూడదని, వెళ్లిన టైములో సగం కూచోవడానికే ఖర్చుపెట్టాలని మా అభిప్రాయం. మైళ్లు లెక్కపెట్టుకునే సరదా ఉన్నవాళ్లకి ట్రెడ్‌మిల్ ఉండనే ఉంది.

ఆన్జా-బొరేగో కాలిఫోర్నియా స్టేట్ పార్కులన్నిటిలో పెద్దది, 6 లక్షల ఎకరాల పైమాటే. వేసిన బాటలు తక్కువ, బాట లేనిచోట నడవడానికి అభ్యంతరం లేదు. ఇక్కడ వాష్ అనేది అనంతపురం, కడప వాళ్లకి కొత్త కాదు, అచ్చంగా మన ఎండిన వంక. నడక దాంట్లోనే సుఖం. ఇసుకలో పడిన అడుగు తర్వాతి వానకి చెరిగిపోతుంది, గట్టు మీది పలచని నేలపొర చితికితే ఏళ్లు పడుతుంది కోలుకోవడానికి.

దారి తప్పడం ఎలా జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. కొండల్లోకి ఎక్కుతుంటే వంక చీలుతూ పోతుంది, దిగుతుంటే చీలికలన్నీ వచ్చి కలుస్తాయి. అందుకే లోయలో ఎక్కి, అదే లోయలో దిగేవాడు సాధారణంగా తప్పిపోడు. లోయ నోరు దాటి మైదానంలోకి వచ్చాక కథ తిరగబడుతుంది: అక్కడ వంక పది పాయలుగా విడిపోతుంది, తప్పు పాయ పట్టుకుంటే కారుకి కిలోమీటరు అవతల తేలుతారు. ప్రతి చీలిక దగ్గరా వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకోండి, తిరుగుదారిలో కనపడేది ఆ రూపమే. గట్టు ఎక్కి వేరే దారిన దిగుదామనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. గట్లు కిందికి వెళ్లేకొద్దీ చీలతాయి, ఏదో ఒకటి ఎండిన జలపాతం నెత్తికి తీసుకెళ్లి వదిలేస్తుంది. తిరిగి ఎక్కలేని చోట జారకండి, తిరిగి దిగలేని చోట ఎక్కకండి.

నీళ్లు చలికాలంలోనే 4.5 లీటర్లు: పోవడానికి 1.5, రావడానికి 1.5, ముట్టుకోకుండా 1.5. అంటే వీపు మీద నాలుగున్నర కిలోలు. గొట్టంతో తాగే నీళ్ల సంచీలో ఎంత మిగిలిందో తెలియదు, కాబట్టి లీటరు, అరలీటరు సీసాలే మేలు. ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది. ఉప్పు సరిగ్గా పడ్డ పులిహోర డబ్బా దీనికి చక్కని విరుగుడు. డిసెంబరులో సాయంత్రం 5 కాకుండానే పొద్దు గూకుతుంది, లోయలో నీడ ఇంకా ముందే దిగుతుంది. 12:30కి ఎక్కడున్నా వెనక్కి తిరగాల్సిందే.

ఇంట్లో ఒక కాగితం రాసిపెట్టండి: కారు ఆపే చోటు, నంబరు ప్లేటు, ఎక్కే లోయ పేరు, "సాయంత్రం 6 గంటలకల్లా మెసేజ్ రాకపోతే 911కి (అత్యవసర నంబరు) ఫోన్ చెయ్యండి" అన్న మాట. తర్వాత లోయ మార్చకండి. ఐఫోన్ 14, ఆపై మోడళ్లు సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహం ద్వారా 911కి మెసేజ్ పంపుతాయి, కానీ వాటికి ఆకాశం కనపడాలి. ఇరుకు లోయ అడుగున కాలు మడతపడితే ఆ సదుపాయం ఉన్నా లేనట్టే.

సంచీలో పళ్లు వెడల్పుగా ఉన్న దువ్వెన ఒకటి పడేసుకోండి. చోయా అని ఒక జెముడు ఉంటుంది, చిన్న కణుపు తగిలితే చాలు, ఊడి ఒంటికి అతుక్కుంటుంది. దాని ముళ్లకి వెనక్కి తిరిగిన నూగు ఉంటుంది, గాలంలా. చేత్తో పీకితే చెయ్యి కూడా దొరికిపోతుంది. దువ్వెనని చర్మానికీ కణుపుకీ మధ్య దూర్చి, మొహం పక్కకి తిప్పుకుని, ఒక్క విదిలింపు. మిగిలిన ముళ్లు పట్టకారుతో తీయాలి.

మార్చి నుంచి అక్టోబరు దాకా రాటిల్ పాము (తోక గిలక్కాయలా ఆడించే విషపు పాము) గురించి జాగ్రత్త. కంటికి కనపడని రాతి అంచు మీద చెయ్యి వెయ్యకండి. కరిస్తే ఉంగరాలు, వాచీ వెంటనే తీసెయ్యాలి, వాపు తొందరగా వస్తుంది. మన ఊళ్లలోలాగ తాడు బిగించి కట్టడం, కోయడం, పీల్చడం అన్నీ కీడే. మందు ఆసుపత్రిలోనే ఉంటుంది.

ఇక అసలు సంగతి. బొరేగో అంటే స్పానిష్‌లో గొర్రె. ఇక్కడి బిగ్‌హార్న్ అనే పెద్ద కొమ్ముల అడవి గొర్రెలు 1998 నుంచి అంతరించిపోయే ప్రమాదమున్న జాబితాలో ఉన్నాయి. రాయి రంగులోనే ఉంటాయి, వెతికితే దొరకవు. ఎండ వీపుకి పెట్టుకుని, వంక ఒడ్డున బండ నీడలో కూచుని, చిన్న రాళ్లు దొర్లే చప్పుడు కోసం చెవి పెట్టాలి. ఆ వైపు 8×42 బైనాక్యులర్ తిప్పి తెల్లటి పిర్ర ఒకటి పట్టుకోండి. ఒకటి దొరికితే పక్కన ఇంకో మూడు తేల్తాయి. మేత ఆపి అన్నీ మీ వైపే చూస్తున్నాయంటే మీరు మరీ దగ్గరికి వెళ్లారని, మెల్లగా వెనక్కి జరగాలి. పిల్లలున్న మంద అయితే దగ్గరికి పోనే కూడదు.

కూచున్న ఆ గంటలో ఊరికే ఉండరు. రోడ్‌రన్నర్ అనే పక్షి వచ్చి మీ బూటు పక్కనుంచే బల్లిని ఎత్తుకుపోవచ్చు. అదీ మన జెముడుకాకీ ఒకే కోకిల కుటుంబం, నేలమీద ఆ దర్జా నడక చూస్తే పోలిక తెలుస్తుంది.

జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా ఈ పార్కులోని కొయోటీ కాన్యన్ అనే లోయ ఎగువ భాగం మూసేస్తారు. ఆ ఎండల్లో గొర్రెలకి ఉన్న నీటిచోట్లు అవే, మనిషి వాసన తగిలితే దాహంతోనే వెనుదిరుగుతాయి. తెరిచి ఉన్న లోయల్లో కూడా ఆ నాలుగు నెలలూ నీటి పక్కన మకాం పెట్టొద్దు. శాన్‌డియాగోలో సముద్రం ఎటూ ఉంది, అటు వెళ్లండి.