'ఓపిగ్గా ఉంటాను సార్' అంటే సరిపోదు

కడప వైవీ స్ట్రీట్‌లో బట్టల షోరూమ్ కానీ, అనంతపురంలో సూపర్ మార్కెట్ కానీ, సేల్స్ ఉద్యోగానికి పోయే డిగ్రీ పిల్లలకు ఈ ప్రశ్న తప్పదు: 'కస్టమర్ గట్టిగా అరుస్తుంటే ఏం చేస్తావ్?' ఎక్కువమంది చెప్పేది ఒకటే. 'ఓపిగ్గా ఉంటాను సార్, నవ్వుతూ మాట్లాడతాను.' ఇందులో చేసే పని ఒక్కటీ లేదు. పైగా మండిపడుతున్న మనిషి ఎదురుగా నవ్వితే గొడవ ఇంకా పెరుగుతుంది.

ఆ కోపం ఎక్కడిదో ముందు తెలుసుకోవాలి. చీర మార్చుకుందామని బద్వేలు నుంచో మైదుకూరు నుంచో కడపకు వచ్చిన ఆమెకు రానుపోను బస్సు ఛార్జీ అయింది, ఒక రోజు కూలి పోయింది. 'మేనేజర్ లేడు, రేపు రా' అంటే ఇంకో కూలి పోగొట్టుకోమన్నట్టే. అందుకే జవాబు ఇక్కడ మొదలవ్వాలి: ఆమెను బిల్లింగ్ క్యూ నుంచి పక్కకు పిలిచి కుర్చీ వేస్తాను, మంచినీళ్లిస్తాను, 'ఏమైందమ్మా, చూపియ్యండి' అని అడిగి మధ్యలో అడ్డం పడకుండా వింటాను. విన్నది ఆమెకే తిరిగి చెబుతాను: 'పదో తారీఖున తీసుకున్నారు, మొదటి ఉతుకుకే అంచు రంగు దిగింది, అంతేనా అమ్మా?' చాలాసార్లు ఇక్కడే గొంతు తగ్గుతుంది.

బిల్లు, ట్యాగు అడగడం ఆ తర్వాతే. రాగానే 'బిల్లుందా?' అంటే అనుమానించినట్టు ఉంటుంది.

ఇంటర్వ్యూలో చాలామంది తడబడేది దీని తర్వాత. రంగు నచ్చలేదని మార్చడం వేరు, సరుకులో లోపం ఉందని తేవడం వేరు. మొదటిదానికి షాపు నియమం చాలు. ఫాల్ కుట్టించి ఉంటే కుదరదని మర్యాదగా చెప్పొచ్చు. రెండోదానికి చట్టం ఉంది. బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకుంటే 30 రోజుల్లోగా, లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బివ్వనంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా చూస్తుంది. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న బోర్డును చూపించి తప్పించుకోలేం. ఈ తేడా చెప్పగలిగిన అభ్యర్థిని ఏ యజమానీ తేలిగ్గా వదులుకోడు.

ఇప్పుడు ఎక్కువ గొడవలు యూపీఐ దగ్గర. 'నా డబ్బు కట్టయిందన్నా' అని కస్టమర్, 'మాకు రాలేదు, మళ్లీ కొట్టు' అని క్యాషియర్. ఆ 'మళ్లీ కొట్టు' అనేదే మొదటి తప్పు. ఆయన ఫోన్‌లో పెండింగ్ అని ఉందో, సక్సెస్ అని ఉందో చూడాలి. ఆ చెల్లింపును గుర్తించే 12 అంకెల యూటీఆర్ నంబరు కాగితం మీద రాసుకుని షాపు ఖాతాలో వెతకాలి. డబ్బు వచ్చిందని పలికే స్పీకర్ మోగలేదంటే డబ్బు రాలేదని కాదు; నెట్ లేక పలికి ఉండకపోవచ్చు. ఖాతాలోనూ లేకపోతే, ఆర్‌బీఐ 2019 సెప్టెంబరు ఆదేశం ప్రకారం 5 రోజుల్లోగా ఆ సొమ్ము ఆయనకు తిరిగి వెళ్లాలని, దాటితే బ్యాంకు రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని చెప్పి, ఆ నంబరు రాసిన చీటీ ఆయన చేతికివ్వాలి.

బూతులు మొదలైతే, చేయి లేస్తే మాటలాపి సూపర్‌వైజర్‌ను పిలవాలి. ఇది చెప్పడానికి సంకోచం అక్కర్లేదు. అయితే జరిగిందంతా సూపర్‌వైజర్‌కు మనమే చెప్పాలి. కస్టమర్‌తో మళ్లీ మొదటి నుంచి చెప్పిస్తే తగ్గిన కోపం తిరిగొస్తుంది.

తప్పంతా పిల్లలదే కాదు. వాపసు నియమం ఎక్కడా రాసిపెట్టని షాపులు కూడా ఇదే ప్రశ్న అడుగుతున్నాయి. తిట్లు తినేది నెల జీతగాడు, నిర్ణయం తీసుకునేది అక్కడ లేని యజమాని. అందుకే జవాబు అయ్యాక అభ్యర్థి కూడా ఒకటి అడగాలి: 'సార్, ఎవర్నీ అడక్కుండా నేను ఎంత విలువదాకా మార్చివ్వొచ్చు? మీరు లేనప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి?'