మా ల్యాప్‌టాప్‌కి నోరొచ్చింది

నాన్నగారికి శుక్లాల ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు పేపరు జోలికి వెళ్ళొద్దన్నారు డాక్టరు. ముప్ఫై రెండేళ్ళు తెలుగు పండితుడిగా చేసిన మనిషికి పేపర్లో అచ్చుతప్పులు పట్టకపోతే పొద్దెలా పోతుంది? రెండో రోజుకే మా మాటల్లో తప్పులు పట్టడం మొదలుపెట్టారు. మూడో రోజు రాత్రి అందరూ పడుకున్నాక ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను, పేపరు దానిచేత చదివించి ఇంటిల్లిపాదినీ కాపాడదామని.

ఎన్‌వీడీఏ అని, చూపు లేనివాళ్ళకి తెరమీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పైసా ఖర్చు లేదు. 2006లో మైకేల్ కర్రన్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు మొదలుపెట్టాడు, అతనికీ చూపు లేదు. దాంతోపాటే ఈస్పీక్ అనే గొంతు వస్తుంది, అందులో తెలుగూ ఉంది. ఎవరో స్టూడియోలో కూర్చుని చదివిన గొంతు కాదది, లెక్కలు కట్టి పుట్టించింది. తెరమీద ఉన్నదంతా చదువుతుందన్నారు. ఆ ‘అంతా’ని నేను తేలిగ్గా తీసుకున్నాను.

తెలుగు గొంతు ఎంచుకుని ఓకే కొట్టానో లేదో, అందుకుంది. మీట నొక్కితే మీట పేరు చెబుతుంది. మౌసు దేనిమీదికి వెళితే దాని పేరు చదువుతుంది. సౌండేమో నిండుగా ఉంది. ఆపే బొమ్మ ఎక్కడుందో వెతుకుతూ కంగారులో మౌసుని తెరంతా తిప్పాను. కోడిపిల్ల వెనక పిల్లిలా అదీ వెంటపడింది. ‘కరెంటు బిల్లు’, ‘చంటిదాని అక్షరాభ్యాసం’, ‘బిల్లు, ఇంట్లో చూపించేది’...

గుండె జారిపోయింది. దాని పక్కనే ‘బిల్లు, అసలుది’ ఉంది. పోయినేడాది కెమెరా కొన్నాను లెండి. మిగతాది మీకు అర్థమయ్యే ఉంటుంది.

“ఎవరొచ్చారండీ ఈ వేళప్పుడు?” అంది మా ఆవిడ నిద్రమత్తులో.

మౌసు వదిలేసి చిన్నప్పటి స్నేహితుడికి ఫోన్ చేశాను. బ్యాంకులో పనిచేస్తాడు, పుట్టినప్పటి నుంచీ చూపు లేదు, రోజంతా ఈ సరంజామాతోనే పని. నేను వివరించేలోపే వెనకనుంచి వస్తున్న గోల విని, “ముందు కంట్రోల్ నొక్కరా” అన్నాడు. నొక్కాను. ఠక్కున నోరు మూసింది. మొత్తానికి పంపేయాలంటే ఇన్సర్ట్‌తో పాటు క్యూ నొక్కాలట. అటుపక్క వాడి కంప్యూటరు మూకుట్లో పేలాలు వేగుతున్నట్టు టపటపలాడుతోంది. “అదేమిట్రా?” అంటే “ఈమెయిల్ చదువుతోంది, నీకు వినపడటం లేదూ?” అన్నాడు. వాడి వేగం అది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

పొద్దున్నే నాన్నగారు పేపరు సంగతి పక్కన పెట్టేశారు. “ముందు నా పద్యాలు చదివించు” అన్నారు. మా ఊరి చెరువు మీద ఆయన రాసుకున్న ఆటవెలదులు, 2004లో డీటీపీ చేయించిన ఫైలు. వినాయక చవితికి కొన్న బ్లూటూత్ స్పీకరు హాల్లో ఆయన పడక్కుర్చీ పక్కన పెట్టించుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

“సెక్షన్... డిగ్రీ... కాపీరైట్... ప్లస్ ఆర్ మైనస్...” అని అందుకుంది.

నాన్నగారు కాసేపు ఓపిగ్గా విన్నారు. “నా పద్యానికి దిష్టి తీస్తోందిట్రా?”

మళ్ళీ స్నేహితుడికే ఫోను. ఆ కాలపు డీటీపీ ఫాంట్లలో చూడ్డానికి తెలుగు అక్షరమే కనిపిస్తుంది కానీ, ఫైల్లో ఉండేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూనట. “పైన పంచె, లోపల ప్యాంటు” అన్నాడు. ప్రపంచ భాషల అక్షరాలకి తలో నంబరిచ్చే యూనికోడులో తెలుగుకి 128 గళ్ళ సొంతిల్లుంది, అందులో కాపురముంటేనే ఇది గుర్తుపడుతుంది. సరే, ఒక పద్యం నేనే యూనికోడులో కొట్టి వినిపించాను. ఈసారి అక్షరం పొల్లుపోకుండా చదివింది.

“యతి దగ్గర ఆగదేం?” అన్నారు నాన్నగారు. “ఆటవెలదిని ఆడిట్ రిపోర్టులా చదువుతోంది. ఎక్కడ ఆగాలో తెలియని వాడికి పద్యం ఎందుకురా?”

సాయంత్రానికి నాకు బుద్ధొచ్చింది. ల్యాప్‌టాప్ పడగ్గదిలోకి తెచ్చుకుని తలుపు దగ్గరగా వేశాను. కిక్కురుమనడం లేదు, ఆపేసే ఉంటాననుకున్నాను. ఎఫ్2 నొక్కి, ‘బిల్లు, అసలుది’ చెరిపేసి, తీరిగ్గా ఒక్కో అక్షరం ‘పాత ఫొటోలు’ అని కొట్టి, ఎంటర్ నొక్కాను. చాలా రోజులకి మనసు తేలికపడింది. కాఫీ అడుగుదామని హాల్లోకి వచ్చాను.

ఇద్దరూ ఆ బ్లూటూత్ స్పీకరు వంకే చూస్తున్నారు. దాని నెత్తిన నీలం లైటు వెలుగుతోంది.

“అసలుది పోయి పాత ఫొటోలు వచ్చాయటగా,” అంది మా ఆవిడ, “తెరవండి, చూద్దాం.”

నాన్నగారు నల్లద్దాలు సర్దుకున్నారు. “ఒరేయ్, ఈసారి ఆగాల్సిన చోట ఆగిందిరా. బిల్లు... అసలుది.”