హాబీలో మంచి ఫోటో లెక్క, వృత్తిలో తప్పిపోయిన ఫోటో లెక్క

పోయిన జనవరిలో కోవూరు నుంచి ఒక కుర్రాడు మా స్టూడియోకి వచ్చి ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. నేలపట్టు పక్షుల కేంద్రంలో తీసిన గూడబాతు, అదే పెలికాన్. నీళ్ల మీదకి దిగుతూ రెక్కలు పూర్తిగా విప్పింది, కాళ్లు ముందుకి చాచింది, కింద నీళ్లలో దాని నీడ కూడా దానికి ఎదురొస్తున్నట్టు ఉంది. నిజంగా మంచి ఫోటో. "అన్నా, ఉద్యోగం మానేసి ఇందులోకి వచ్చేద్దామనుకుంటున్నా, మూడు లక్షల్లో ఫుల్ ఫ్రేమ్ కెమెరా, లెన్సులు చూసి పెట్టుకున్నా" అన్నాడు. ఈ ఒక్కదాని కోసం ఎన్ని తీశావని అడిగాను. రెండు ఆదివారాలు పోయాడట, పదిహేను వందల దాకా తీశాడట.

అతనికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. హాబీలో 1500 తీసి ఒకటి చూపిస్తాం, మిగతా 1499 ఏమయ్యాయని ఎవరూ అడగరు. పెళ్లి ఆర్డర్ ఒప్పుకుని అడ్వాన్స్ చేతిలో పడిన నిమిషం నుంచి ఆ లెక్క తిరగబడుతుంది. రెండు వేల ఫోటోలు అద్భుతంగా వచ్చినా, జీలకర్ర బెల్లం ఫోటో ఒక్కటి లేకపోతే ఆ ఇంట్లో ముప్పై ఏళ్లు మన గురించి చెప్పుకునేది ఆ లేని ఫోటో సంగతే. మన ఊళ్లలో ఫోటోలు బాగా తీసే పిల్లలు వందల మంది ఉన్నారు, ఇన్‌స్టాలో చూస్తే ముచ్చటేస్తుంది, కానీ వాళ్లలో ఎక్కువమంది రెండు మూడు సీజన్లకే కెమెరా అమ్మేసి వెనక్కి పోతున్నారంటే కారణం టాలెంట్ లేకపోవడం కాదని నేను గట్టిగా నమ్ముతాను. వాళ్లు చేస్తున్న పని మారిపోయిందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ జీలకర్ర బెల్లం సంగతే తీసుకోండి. తెల్లవారుజామున మూడు గంటల నలభై నిమిషాలకి ముహూర్తం. మండపం మీద ఊదా రంగు ఎల్ఈడీ లైట్లు, పెళ్లికూతురి ముఖం కూడా ఊదా రంగే. మధ్యలో తెర. గట్టిమేళం అనగానే ఇద్దరి చేతులూ ఒకరి తల మీదికి ఒకరివి వెళ్తాయి, తెర దిగుతుంది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. ఆ చూపు ఉండేది రెండు మూడు సెకన్లు. సరిగ్గా అప్పుడే మేనమామ ముందుకి వంగుతాడు, నాలుగు వైపుల నుంచీ ఫోన్లు లేస్తాయి, అక్షింతలు లెన్సు మీద పడతాయి. వెలుతురు తక్కువైనప్పుడు పెంచే ఐఎస్ఓ 3200 పెట్టాలా 6400 పెట్టాలా అని ఆలోచించే టైము అక్కడ లేదు. గూడబాతు రేపు మళ్లీ దిగుతుంది, తెర మళ్లీ దిగదు.

నాకు ఇది ఎలా తెలిసిందంటే, రెండో సీజన్లో కావలి దగ్గర ఒక పెళ్లిలో పోగొట్టుకుని తెలిసింది. నా కెమెరాలో ఒకటే కార్డు స్లాటు. తలంబ్రాలు అయ్యాక కార్డు ఎర్రర్ చూపించింది, తీసి పెట్టినా అదే. తర్వాత సాఫ్ట్‌వేర్‌తో కొన్ని వెనక్కి వచ్చాయి, ముహూర్తం తాలూకు నలభై నిమిషాలు మాత్రం రాలేదు. వారం తర్వాత వెళ్లి చెప్పాను. పెళ్లికూతురి నాన్న కోప్పడలేదు. "ఒక్కటన్నా లేదా అబ్బయా?" అని అడిగాడు, అదే మాట మళ్లీ ఒకసారి అడిగాడు. డబ్బు తిరిగిచ్చేశాను, ఆయన తీసుకోవడానికి కూడా ఇష్టపడలేదు. ఆ తర్వాత రెండు కార్డుల మీద ఒకేసారి రికార్డు అయ్యే కెమెరా లేకుండా నేను పెళ్లికి పోలేదు, ఇంటికి రాగానే రెండు హార్డ్ డిస్కుల్లో కాపీ చేసి, అందులో ఒకటి వేరే ఇంట్లో పెట్టకుండా కార్డు ఫార్మాట్ చేయలేదు.

ఇక్కడ పాత స్టూడియోల వాళ్ల గురించి ఒక మాట. చెప్పకుండా, సహజంగా ఉన్నప్పుడు తీసే క్యాండిడ్ నేర్చుకున్న పిల్లలు, నిలబెట్టి, తంతులన్నీ వరసగా తీసే ట్రెడిషనల్ వాళ్లని చిన్నచూపు చూస్తారు, నాకు అది నచ్చదు. 36 ఫోటోల ఫిల్మ్ రోల్‌తో పెళ్లి మొత్తం లాక్కొచ్చిన మనిషికి ప్రతి ఫ్రేమూ ఖర్చే, అందుకని అంతా ముందే చూసేవాడు. పురోహితుడి గొంతు మారగానే తర్వాత ఏం జరగబోతోందో ఆయనకి తెలుసు, మాంగల్యం మూడు ముళ్లు పడేటప్పుడు ఏ వైపు నిలబడితే చేతులూ ముఖమూ రెండూ పడతాయో తెలుసు, ఏ పెద్దాయన్ని పిలిచి ఫోటో తీయకపోతే గొడవవుతుందో కూడా తెలుసు. ఇది యూట్యూబ్‌లో దొరకదు. అలాంటి మనిషి పక్కన ఒక సీజన్ లైటు పట్టుకుని నిలబడండి. డబ్బులు తక్కువొచ్చినా నష్టం లేదు.

చేతికి వేగం కావాలంటే నెల్లూరులో ఇంకో గొప్ప చోటు ఉంది, బారాషహీద్ దర్గా రొట్టెల పండగ. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో జనం ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె అని పిలుచుకుంటూ మార్చుకుంటారు. రొట్టె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారే క్షణంలో తీసుకునేవాళ్ల ముఖం చూడాలి. మళ్లీ ఒకసారి ఇవ్వండమ్మా అని అడగలేం, అడగకూడదు. ఎదురెండ, నీళ్ల మెరుపు, తోపులాట, వీటన్నిటి మధ్య ఆ ముఖం పట్టుకోగలిగితే పెళ్లిలోనూ పట్టుకోగలం.

ఇక డబ్బు. నిలబడేవాళ్లూ వెనక్కి పోయేవాళ్లూ ఎక్కువగా ఇక్కడే తేలిపోతారు. లెక్క తెలియడం కోసం ఒక ఉదాహరణ వేసుకుందాం, అంకెలు ఊరిని బట్టి మారతాయి. రెండు రోజుల పెళ్లి 60,000కి ఒప్పుకున్నారు. ట్రెడిషనల్ ఫోటోగ్రాఫర్‌కి రెండు రోజులకి 8,000, వీడియో అతనికి 10,000, 12×36 సైజు ఆల్బమ్‌కి ల్యాబ్‌లో 10,000, వీడియో ఎడిటింగ్‌కి 6,000, కారు, టిఫిన్లు 2,000. మొత్తం 36,000 పోతే చేతిలో 24,000. మూడు లక్షల కెమెరా సామాను ఐదేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 60,000 అరుగుదల, ఏడాదికి 20 ఆర్డర్లు చేస్తే ఒక్కో ఆర్డర్ మీద 3,000. మిగిలింది 21,000. ఇది రెండు రోజుల సంపాదన అనుకుంటారు, అసలు మోసం అక్కడే. ఫోటోలు ఏరడానికి ఒక రోజు, ఎడిటింగ్‌కి నాలుగు రోజులు, ఆల్బమ్‌లో ఆ అత్త ఫోటో తీసెయ్, ఈ బాబాయిది పెట్టు అనే మార్పులకి ఒక రోజు, కలిపితే ఎనిమిది రోజుల పని.

ఇప్పుడు పక్క వీధిలో ఇంకొకడు 40,000కే చేస్తానన్నాడని మీరు కూడా 40,000కి దిగారనుకోండి. ఖర్చులు దిగవు కదా. 36,000 పోయి, అరుగుదల 3,000 పోయి, ఎనిమిది రోజుల కష్టానికి మిగిలేది వెయ్యి రూపాయలు. ఉద్యోగం చేస్తూ శని ఆదివారాలు సరదాగా ఆర్డర్లు చేసేవాళ్లకి ఇది తెలియదు, ఎందుకంటే ఇంటి అద్దె జీతంలోంచి కడుతున్నారు. వాళ్ల రేటు చూసి దీని మీదే బతికేవాడు కూడా తగ్గించాల్సి వస్తుంది. సరదాకే చేసినా సరైన రేటు తీసుకోండి. రేపు మీరు కూడా ఇదే పనిలోకి వస్తే ఆ రేటుతోనే బతకాలి.

పైగా పనీ ఏడాదంతా ఉండదు. 2024లో ఏప్రిల్ చివరి నుంచి గురు మూఢం, శుక్ర మూఢం, వాటి వెనకే ఆషాఢం కలిసొచ్చి శ్రావణం దాకా మూడు నెలలు ముహూర్తాలే లేవు. కల్యాణ మండపాలు, భజంత్రీలు, వంటవాళ్లు, పూలవాళ్లు, మేము, అందరం ఖాళీ. ఆ నెలల్లో కూడా వడ్డీ ఆగదు. మన దగ్గర చాలామంది కెమెరా కొనేది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి. మూడు లక్షలకి నెలకి 6,000, మూఢంలో మూడు నెలలకి 18,000, అసలు మాత్రం అలాగే ఉంటుంది. అంతగా అప్పే కావాలంటే బ్యాంకులో ముద్ర లోను ఉంది, కిశోర్ కేటగిరీలో ఐదు లక్షల వరకు ఇస్తారు. నా మాట వింటే మొదటి ఏడాది ఆ అప్పు కూడా వద్దు, పెళ్లికి కావలసిన కెమెరా బాడీ, లెన్సు అద్దెకి తెచ్చుకుని ఆ అద్దె ఆర్డర్‌లో వేసుకోండి.

పెళ్లిళ్లు లేని నెలల్లో బతకడానికి ఇంకో దారి ఉంది, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకి అది చాలా పెద్ద దారి. ఒంగోలు గిత్తల సంగతి తీసుకోండి. బ్రెజిల్‌కి వెళ్లిన మన జాతిని అక్కడ నెలోర్ అంటారు, నెల్లూరు పేరు మీదే. ఇక్కడ మాత్రం లక్షలు పోసి గిత్తని పెంచే రైతు దగ్గర దానికి సరైన ఫోటో ఒక్కటి ఉండదు. ఎద్దు ఫోటో అంటే ఎద్దు నిలబడితే తీసేది కాదు. పక్క నుంచి, కెమెరా దాని కడుపు ఎత్తులో పెట్టి, నాలుగు కాళ్లూ విడివిడిగా కనబడాలి, మూపురం నిటారుగా ఉండాలి, గంగడోలు మడతలు తెలియాలి, తల కొంచెం పైకి లేవాలి, దానికోసం ఎదురుగా ఒకరు తవుడు బకెట్ కదిలిస్తూ ఉండాలి. తెల్లటి ఒళ్లు కాబట్టి మధ్యాహ్నం ఎండలో తీస్తే వెలిసిపోతుంది, పొద్దున్నే తీయాలి. పశువు తెలిసినవాడికే ఇది కుదురుతుంది. బండలాగుడు పోటీలు యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వడం కూడా ఇప్పుడు ఒక పనే.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ అయితే ఇంకో రకం కష్టం. నల్ల రాయిలో బంగారు చుక్కలు, వాటికోసమే కొనేవాడు కొంటాడు. పాలిష్ చేసిన పలక అద్దంలాంటిది, ఫోటో తీస్తే షెడ్డు రేకులు, మనం, మన ట్రైపాడ్ అన్నీ అందులో కనబడతాయి. లైటు పక్క నుంచి ఇచ్చి, ఎదురుగా నల్ల గుడ్డ కట్టి, చుక్కలు మాత్రం మెరిసేలా తీయగలిగితే దానికి డబ్బులిచ్చేవాళ్లు ఉన్నారు. వెంకటగిరి చీరలు, ఉదయగిరి చెక్క గరిటెలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకీ ఫోటోలు కావాలి, చీర రంగు ఫోటోలో ఒకటి ఇంటికొచ్చాక ఒకటి అయితే వెనక్కి పంపేస్తారు, కాబట్టి రంగు ఉన్నది ఉన్నట్టు వచ్చేలా చూసే వైట్ బ్యాలెన్స్ తెలిసిన మనిషికి అక్కడ విలువ ఉంది. ఇలాంటి కంపెనీలు బిల్లు అడుగుతాయి, లెక్కలు మొదటి నుంచి రాసుకోండి. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా తప్పదు.

చట్టం గురించి రెండు సంగతులు చెప్పాలి. డబ్బు తీసుకుని ఒకరు అడిగినందుకు తీసిన ఫోటో మీద, వేరే ఒప్పందం రాసుకోకపోతే, మొదటి హక్కు అడిగినవాళ్లదేనని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. నేను తీశాను కాబట్టి నాదే అనుకుని పెళ్లికూతురి ఫోటో పేజీలో పెట్టేస్తాం, ఆ అమ్మాయికి అది ఇష్టం లేకపోవచ్చు. అడ్వాన్స్ రోజే ఒక కాగితం మీద రాయించుకోండి, అడిగి పెట్టండి. ఇక డ్రోన్. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని వ్యాపారానికి ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పెళ్లి మండపం మీద జనం తలల పైన ఎగరేసే వస్తువు అది. శ్రీహరికోట మన పక్కనే ఉందన్న సంగతి కూడా గుర్తుండాలి, ఎగరేసే ముందు ప్రభుత్వం వాళ్ల డిజిటల్ స్కై మ్యాప్‌లో అది ఎగరేయొచ్చనే జోనో కాదో చూసుకోవాలి.

ఇంత చెప్పాక హాబీ ఏమవుతుందని అడుగుతారు. నాకు మూడేళ్లు పోయింది. కెమెరా చూస్తేనే చిరాకు, మా పాప పుట్టినరోజు ఫోటోలు కూడా ఫోన్‌లో తీశాను. మళ్లీ నేలపట్టు పోవడం మొదలుపెట్టాకే అది తిరిగొచ్చింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట వైపంతా తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మా నెల్లూరోళ్లకి నేలపట్టు ఇంకా మాదే. అక్కడ తీసిన ఫోటోలు అమ్మను, పోటీలకి పంపను. చెరువులో చెట్ల మీద పిల్లలకి మేత పెడుతున్న గూడబాతుల్ని గంటలు గంటలు చూస్తాను, కొన్నిసార్లు షట్టర్ నొక్కను కూడా.

కోవూరు కుర్రాడు ఉద్యోగం మానలేదు. తర్వాత వచ్చిన ముహూర్తాల్లో ఐదు పెళ్లిళ్లకి నాతో వచ్చాడు. మొదటి రెండింటిలో తీసిన ప్రతి ఫోటోకీ తల దించి స్క్రీన్ చూసుకునేవాడు, ఆ చూసుకునే టైములోనే ఒకచోట పెళ్లికూతురి అమ్మ కళ్లు తుడుచుకోవడం తప్పిపోయింది. నాలుగో పెళ్లికి తల దించడం మానేశాడు. మొన్న ఒక నిశ్చితార్థం సొంతంగా ఒప్పుకున్నాడు, రేటు తగ్గించమంటే తగ్గించలేదట. అడ్వాన్స్‌లోంచి రెండు కార్డుల కెమెరా అద్దెకి మాట్లాడుకున్నానని ఫోన్ చేసి చెప్పాడు.