కార్డు ఇచ్చేశాక మిగిలే లెక్క

గ్రీన్ కార్డ్ గడువు తీరి ఇండియా వచ్చేస్తే అమెరికా పన్నుతో పని ఉండదని ఈ మధ్య చదివిన ఒక వ్యాసంలో ఒక్క వాక్యంలో తేల్చేశారు. అది నిజం కాదండి. కార్డు మీద తేదీ దాటినంత మాత్రాన పన్ను లెక్కలో మన హోదా పోదు. ఐ-407 ఫారం ఇచ్చి హోదా వదులుకునేదాకా సాధారణంగా ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్‌కు చూపించాల్సిందే, మన బ్యాంకు వడ్డీతో సహా.

అసలు చిక్కు హోదా వదులుకున్నాక పన్ను శాఖకు ఇచ్చే 8854 ఫారం దగ్గరుంది. చివరి 15 ఏళ్లలో 8 ఏళ్లు కార్డు ఉన్నవాళ్లు అది వేయాలి. ఏడాదిలో ఒక్క రోజు ఉన్నా ఏడాది కిందే లెక్క కాబట్టి ఆరేళ్లు దాటినవాళ్లు కూడా ఇందులో పడొచ్చు! ఎగ్జిట్ ట్యాక్స్ (హోదా వదులుకునేటప్పుడు పడే పన్ను) 20 లక్షల డాలర్ల ఆస్తి ఉన్నవాళ్లకు కదా, నాకెందుకు అనుకుంటారు చాలామంది. నేనూ అలాగే అనుకున్నాను. కానీ గత ఐదేళ్ల పన్ను బాధ్యతలు సరిగా తీర్చానని ఆ ఫారంలో ధ్రువీకరించకపోతే, ఆస్తి ఎంత తక్కువున్నా ఎగ్జిట్ ట్యాక్స్ నిబంధనల కిందికి వస్తారు. 10,000 డాలర్ల జరిమానా కూడా పడొచ్చు.

వదిలిన ఏడాది రిటర్న్ మరో తలనొప్పి. 1040-ఎన్‌ఆర్ ఫారం (నాన్ రెసిడెంట్ల రిటర్న్) వేసి, హోదా ఉన్న నెలల లెక్కను 1040 ఫారం (రెసిడెంట్ల రిటర్న్) మీద జతచేయాలి. స్టాండర్డ్ డిడక్షన్ రాదు. నా ఆడిటర్ ఈ ముక్క చెప్పనే లేదు, రిటర్న్ రెండోసారి వేయాల్సి వచ్చింది. ఐ-407 కాపీ మాత్రం జాగ్రత్తగా దాచుకోండి, తేదీకి అదే రుజువు.